పట్టే లెన్సులన్నీ పనిచేయవు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో తక్కువ ఖర్చుతో ఫొటోలు తీయడం గురించి అర పేజీ వేశారు. కొత్త లెన్సు కొనలేనివాళ్లు సెకండ్ హ్యాండ్‌లో వెతుక్కోవచ్చన్న మాట నాకు బాగా నచ్చింది. అయితే మధ్యలో ఒక వాక్యం ఉంది. నికాన్ కెమెరాకు నికాన్ లెన్సు పాతదైనా కొత్తదైనా సరిపోతుందట. సరిగ్గా అలాంటి మాటే ఇంతకుముందు నమ్మి నేను నాలుగున్నర వేలు పోసి, చిత్తూరు నుంచి తిరుపతికి రెండుసార్లు బస్సెక్కాల్సి వచ్చింది.

నేను హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పి రిటైరైనవాణ్ణి. బెంగళూరులో ఉండే మా అబ్బాయి ఫోన్‌తోనే సరిపెట్టుకుంటున్నాడు. వాడి నికాన్ డీ3400 కెమెరా బీరువాలో ఊరికే పడుంటే నేను తెచ్చుకున్నాను. దాంతోపాటు వచ్చిన 18-55 జూమ్ లెన్సు (అంకె చిన్నదైతే ఎక్కువ చోటు పడుతుంది, పెద్దదైతే దూరంది దగ్గరికి వస్తుంది) ఒకరోజు మనవరాలి చేతిలోంచి జారి మెట్ల మీద పడింది. అప్పట్నుంచి జూమ్ తిప్పితే 35 దగ్గర పట్టేసేది. రిపేరుకు అడిగిన డబ్బుకు పాతది ఇంకోటే వస్తుందన్నారు. ఎలాగూ కొంటున్నాం కదా, కాస్త దూరం లాగేది తీసుకుందామని తిరుపతి వెళ్లాను.

ఆ షాపులో అద్దాల బీరువా నిండా పాత లెన్సులే. కుర్రాడు నికాన్ 28-105 తీసి చేతికిచ్చాడు. గాజు నిగనిగలాడుతోంది, జూమ్ మెత్తగా తిరుగుతోంది. ‘‘నా కెమెరాకు పనిచేస్తుందా బాబూ?’’ అనడిగాను. ‘‘నికాన్‌కి నికాన్ పడుతుంది సార్, టెన్షన్ పడొద్దు’’ అని టక్కున బిగించి చూపించాడు. బస్సు టైమైపోతోందని నేనూ ఒక్క ఫొటో తీసి చూడలేదు. ఆ తప్పు నాదే.

ఇంటికొచ్చి ఆన్ చేస్తే ముందు ఏదో ఎర్రర్ చూపించింది. లెన్సు మీద ఉన్న అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఉంగరాన్ని చివరి అంకె దగ్గర లాక్ చేయాలని తెలుసుకోవడానికి ఒక పూట పట్టింది. అది చేశాక ఎర్రర్ పోయింది గానీ, ఫోకస్ కోసం బటన్ సగం నొక్కితే లెన్సు ఉలకదు పలకదు. మనవరాలు దానిమ్మ చెట్టు కింద నిలబడి నిలబడి, ‘‘తాతా, నేను పోయి అన్నం తినొస్తా’’ అని వెళ్లిపోయింది.

సంగతేమిటంటే, కెమెరాకు లెన్సు పట్టే ఆ బిగింపును నికాన్ 1959 నుంచి వాడుతోంది. అందుకే చాలా పాత లెన్సులు నా కెమెరాలాంటి డిజిటల్ బాడీల (లెన్సు తీసేసిన కెమెరాల) మీదా కూర్చుంటాయి. కానీ పాత ఆటోఫోకస్ లెన్సుల్లో మోటారు ఉండదు. కెమెరాలో ఉన్న మోటారు చిన్న స్క్రూతో లెన్సు లోపలి గాజును జరపాలి. డీ90, డీ7000 లాంటి బాడీల్లో ఆ మోటారు ఉంది. డీ3000, డీ5000 వరసల్లో లేదు. మన మధ్యతరగతి ఇళ్లలో ఎక్కువగా ఉన్నవి ఈ రెండు వరసలే. లెన్సు మీద ఏఎఫ్-ఎస్ అని ఉంటే లోపల మోటారు ఉన్నట్టు. ఉత్త ఏఎఫ్ అని ఉండి చివర డీ అక్షరం కనిపిస్తే లేనట్టే. ఈ రెండు వరసల మీద దాన్ని చేత్తో ఫోకస్ చేసుకోవాలి. 2016లో వచ్చిన ఏఎఫ్-పీ రకానిది తలకిందుల కథ. అది నా కెమెరాకు బాగానే పనిచేస్తుంది గానీ, డీ90, డీ3100 లాంటి పాత వాటి మీద పెడితే ఫోకస్ కాదు. కెనాన్ వాళ్లకు ఈ మోటారు బాధ లేదు. 1987లో వాళ్ల ఈఎఫ్ రకం లెన్సులు వచ్చినప్పటి నుంచే మోటారు లెన్సులో పెట్టారు.

నా 28-105కి ఇంకో ఇబ్బంది కూడా ఉంది. నా కెమెరాలో బొమ్మ పడే సెన్సర్ ఫిల్మ్ కంటే చిన్నది కాబట్టి 28 అంటే ఫిల్మ్ కాలపు లెక్కలో 42 అయింది. మా హాల్లో పండక్కి అందరూ చేరితే సగంమందే ఫొటోలో పడతారు. రోజూ వాడుకునే జూమ్ 18 దగ్గర మొదలు కావాలని అప్పుడు తెలిసింది.

రెండోసారి వెళ్లేటప్పుడు సంచిలో టార్చి, సెల్లోటేపు, మీ పత్రిక చిన్న ప్రకటనల పేజీ పెట్టుకున్నాను. డబ్బు వాపసివ్వరట, పైన కొంత కడితే మార్చుకోవచ్చట. ఏఎఫ్-ఎస్ రకం 18-105 లెన్సులు రెండున్నాయి. మొదటిది పైకి కొత్తదానిలా ఉంది. వెనక నుంచి టార్చి వేసి, ముందు నుంచి కాస్త ఏటవాలుగా చూస్తే లోపలి గాజు అంచున సాలెగూడు పోగుల్లాంటివి కనిపించాయి. బూజు. ‘‘క్లీనింగ్ చేస్తే పోతుంది సార్’’ అన్నాడు. బూజు ఒకసారి గాజు పూతను తిన్నాక తుడిచినా మచ్చ ఉండిపోతుంది, విప్పి బిగించడానికయ్యే ఖర్చు వేరే. రెండో దాంట్లో నాలుగు దుమ్ము రేణువులున్నాయి, ఎండ పడకుండా ముందు తగిలించే హుడ్ అంచు విరిగింది. అదే తీసుకున్నాను. దుమ్ము రేణువులు ఫొటోలో కనబడవు.

డబ్బు కట్టే ముందు చిన్న ప్రకటనల పేజీని షాపు గోడకు అతికించి 18లో, 50లో, 105లో ఒక్కొక్కటి తీసి, స్క్రీన్ మీద పెద్దది చేసి నాలుగు మూలలూ చూశాను. ఒక పక్క అక్షరాలు తేటగా ఉండి, ఇంకో పక్క అలికినట్టు వస్తే ఆ లెన్సు ఎక్కడో కింద పడినట్టే. లెన్సు వెనకవైపు చిన్న మీట ఉంటుంది. వేలితో నెడితే లోపలి రెక్కలు తెరుచుకోవాలి, వదిలితే చటుక్కున మూసుకోవాలి. నింపాదిగా మూసుకుంటే నూనె దిగినట్టు. కుర్రాడు మొదట విసుక్కున్నాడు గానీ, చివర్లో టార్చి తనే పట్టుకున్నాడు.

ఆ లెన్సు గొప్పదేమీ కాదు. 18లో గాలిగోపురం తీస్తే అంచుల దగ్గర నిలువు గీతలు బయటికి వంగుతాయి. డ్రాయింగ్ మాస్టారి కంటికి అది గుచ్చుకుంటుంది. కెమెరాకు బిగించే చోట ప్లాస్టిక్. 105 దగ్గర అపెర్చర్ ఎఫ్ 5.6కి మించి తెరుచుకోదు కాబట్టి జాతరలో పొద్దుగూకితే బొమ్మ నలుసులు నలుసులుగా వస్తుంది. పగటి వెలుగులో మాత్రం పేరు పెట్టనక్కర్లేదు. మొన్న మా బంధువుల గానుగ దగ్గర బెల్లం వండుతుంటే వెళ్లాను. పెనం వేడికి దగ్గరికి పోలేం, వెనక చెరకు పిప్పి కుప్ప, కదలడానికీ చోటు లేదు. నిలబడ్డ చోటు నుంచే 18లో కొట్టం మొత్తం వచ్చింది, 105లో పాకం కలిపే మనిషి ముక్కు కొసన చెమట బొట్టు వచ్చింది. అంత పొగలో, బూడిదలో లెన్సు విప్పి ఇంకోటి మార్చే పని లేకపోవడమే నాకు పెద్ద సుఖం. ఆవిరికి గాజు మసకబారితే పంచె అంచుతో తుడిచాను. మీ వ్యాసకర్త చూస్తే తిడతారేమో.

లక్షల లెన్సుల గురించి రాయడానికి వేరే పత్రికలున్నాయి. పాతవాటి గురించి మీరు రాయడం మాలాంటివాళ్లకు మేలే. ఆ ఒక్క వాక్యానికి సవరణ వేయండి, వీలైతే కెమెరా మోడళ్ల పేర్లతో. చిన్న ప్రకటనల పేజీ ఇప్పుడు మా వరండా గోడకుంది. పక్కింటాయన కూడా పాత లెన్సు వెతుకుతున్నాడు, దానికోసమే అడుగుతున్నాడు.

ఇట్లు
ఒక రిటైర్డ్ డ్రాయింగ్ మాస్టారు,
చిత్తూరు