తలగాయం: స్కాన్‌కు అందని నష్టం

సంపాదకులకు నమస్కారం.

రెండేళ్ల కిందట మా తమ్ముడు బైకు మీంచి పడ్డాడు. సి.టి. స్కాన్‌లో ఏమీ లేదని, తలకు కుట్లు వేసి నాలుగో రోజు ఇంటికి పంపారు. మళ్లీ కిరాణా కొట్టులో కూర్చున్న వారంలోనే, ఒకావిడ కిలో కందిపప్పు, అరకిలో చక్కెర, పావుకిలో చింతపండు అడిగితే, పప్పు పొట్లం చేత పట్టుకుని ‘ఇంకేం అడిగారమ్మా’ అంటూ నిలబడిపోయాడు. పదిహేనేళ్లు నోటిలెక్కతో కొట్టు నడిపిన మనిషి! చూసినవాళ్లు సోమరితనమన్నారు, నేనూ ఒకటి రెండుసార్లు అన్నాను.

తల ఒక్కసారిగా ఊగిపోయినప్పుడు మెదడులోని భాగాలను కలిపే పొడవాటి నాడీ తంతువులు సాగి దెబ్బతింటాయని, అది సి.టి.లో చాలాసార్లు కనబడదని తర్వాత చదివి తెలుసుకున్నాను. గాయమైన చోటికి దూరంగా, దానితో ముడిపడి ఉన్న భాగాలు కూడా మందగిస్తాయని ఫాన్ మొనకోవ్ అనే నాడీ వైద్యుడు 1914లోనే రాశాడు. 1995లో భరత్ బిస్వాల్ అనే పరిశోధకుడి బృందం, మనిషి ఊరకే పడుకుని ఉన్నప్పుడు కూడా చేతులను కదిలించే మెదడు కుడి ఎడమ భాగాల సంకేతాలు కలిసి పెరుగుతూ తగ్గుతూ ఉంటాయని మెదడు పనిచేసే తీరును చూపే ఫంక్షనల్ ఎం.ఆర్.ఐ. స్కాన్‌తో చూపింది. ఆ దారిలోనే సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వారు పక్షవాతం రోగులను పరిశీలించి 2016లో చెప్పినది నాకు ముఖ్యమనిపించింది: చేయి చచ్చుబడటాన్ని, చూపు తగ్గడాన్ని గాయం ఎక్కడుందో చూసి బాగా అంచనా వేయవచ్చు గాని, జ్ఞాపకశక్తి లోపాన్ని మాత్రం మెదడు భాగాల సంకేతాల మధ్య తెగిన పొందికే మెరుగ్గా చెబుతుంది.

వాళ్లు చూసింది పక్షవాతం రోగులను, తలగాయాల వాళ్లను కాదు. పైగా ఒక్కొక్క రోగికి ఏ చికిత్స నప్పుతుందో ఈ స్కాన్ చూసి చెప్పే దశ ఇంకా రాలేదు. అందుచేత ఖరీదైన స్కాన్లు రాయమని నేను కోరడం లేదు. కాళ్లూ చేతులూ ఆడుతున్నాయి కదా అని సరిపెట్టకుండా, పంపేముందు కాగితం, పెన్సిలుతో జరిగే జ్ఞాపకశక్తి, ఏకాగ్రత పరీక్షలు చేసి, మూడు నెలలకు మళ్లీ రమ్మని డిశ్చార్జి కాగితంలో రాస్తే చాలు. మా తమ్ముడి కాగితంలో మాత్రల పేర్లు, కుట్లు విప్పే తేదీ తప్ప మరేమీ లేవు. అడిగినవన్నీ చిట్టీ మీద రాసుకుని, ఇచ్చినవి ఒక్కొక్కటే కొట్టేస్తూ పోవాలన్న ఉపాయం ఏడాది గడిచాక రోజువారీ పనులు మళ్లీ చేసుకోవడం నేర్పే ఒక ఆక్యుపేషనల్ థెరపిస్టు చెప్పారు. అటువంటి థెరపిస్టును జిల్లా ఆసుపత్రికి ఒక్కరినైనా నియమించాలని ప్రభుత్వాన్ని మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక పాఠకురాలు, ఖమ్మం