ఐదెకరాలు ఎక్కడున్నాయో చూపించండి, మంత్రి గారూ!

ఆంధ్రప్రదేశ్ రెవెన్యూ శాఖ మంత్రి గారికి,

నమస్కారాలు. కార్గిల్ యుద్ధంలో చనిపోయిన ఒక గన్నర్ (ఫిరంగి దళం సైనికుడు) తమ్ముణ్ణి నేను. మా వదిన తరఫున రాస్తున్నాను. ఆవిడ రాయనంది, రాసి రాసి విసిగిపోయింది. మా మండలం పేరు ఇక్కడ వేయడం లేదు. ఆ ఆఫీసుతో మాకింకా పనుంది. తమరు తెలుసుకోవాలనుకుంటే ఒక్క ఫోన్ చాలు.

సైనిక కుటుంబాలకిచ్చే భూమి గురించి తమరికి నేను కొత్తగా చెప్పేదేముంది! మెట్ట అయితే ఐదెకరాలు. మా వదినకీ ఇచ్చారు. కలెక్టరేట్‌లో, ఫోటోగ్రాఫర్‌ని పెట్టి మరీ ఇచ్చారు. పట్టా మీద సర్వే నంబరుంది, నాలుగు హద్దులున్నాయి, సంతకం ఉంది, గుండ్రటి సీలు ఉంది. లేనిదల్లా భూమి.

పట్టా ఇచ్చిన కొన్నాళ్ళకి సర్వేయరూ, గొలుసు మోసే మనిషీ వచ్చారు. గొలుసు సంచిలోంచి బయటికి రాలేదు. డొంకలో నిలబడి, "అదిగో, ఆ తుమ్మల అవతల నుంచి వాగు దాకా మీదేనమ్మా" అని చెయ్యి చూపించారు. హద్దురాళ్ళ మాటెత్తితే స్టాకు లేవన్నారు. తీరా చూస్తే తుమ్మల అవతలంతా వేరొకరి సాగులో ఉంది. ఇప్పుడక్కడ జామాయిల్ తోట. నాటారు, నరికారు, అమ్ముకున్నారు. మోళ్ళు చిగిర్చాయి, పెరిగాయి, మళ్ళీ నరికారు. రోడ్డు మీద లారీలకి కర్ర ఎక్కిస్తుంటే మేం బస్సు కోసం నిలబడి చూశాం. నిజం చెప్పాలంటే ఆ రైతు మీద నాకు కోపం లేదు. ఆయన దగ్గరా ఏదో కాగితం ఉందట. నా కోపమల్లా ఒకే నేలకి ఇద్దరి పేరున కాగితాలు పుట్టించిన వాళ్ళ మీద. ఆ నేలలో కంది వేద్దామని మా నాన్న చాలా ఏళ్ళు అనుకున్నాడు. ఆయన కూడా పోయాడు.

సోమవారం సోమవారం అర్జీలు తీసుకునే కార్యక్రమానికి సర్కారు 'మీ కోసం' అని పేరు పెట్టినప్పుడు అర్జీ ఇచ్చాం. దాన్నే 'స్పందన' అన్నప్పుడు ఇచ్చాం. ఇప్పుడు ప్రజా సమస్యల పరిష్కార వేదిక అంటున్నారు, ఇక్కడా ఇచ్చాం. బోర్డు మారుతోంది గానీ సోమవారం మారడం లేదు, క్యూ మారడం లేదు. ఇంటికొచ్చిన కొన్నాళ్ళకి సెల్‌కి మెసేజ్ వస్తుంది, మీ అర్జీ పరిష్కరించబడినది అని. ఏం పరిష్కరించారా అని చూస్తే, సంబంధిత తహసీల్దారుకు పంపడమైనది అని ఉంటుంది. తహసీల్దారు గారు సర్వేయర్‌కి పంపుతారు. సర్వేయర్ "సదరు భూమి ఇతరుల అనుభవంలో ఉన్నది" అని రాసి పైకి పంపుతారు. ఆ ముక్క చెప్పిందే మేం కదండీ! మేం చెప్పిందాన్నే మాకు జవాబుగా పంపి ఫైలు మూసేస్తున్నారు. ఆ పైన ఫోన్ చేసి, పరిష్కారంతో తృప్తి చెందితే ఒకటి నొక్కమంటారు. వదిన ఏది నొక్కినా తేడా లేదని కనిపెట్టి, ఆ ఫోన్లు ఎత్తడం మానేసింది.

రీసర్వే అన్నప్పుడు ఈసారి తేలుతుందనుకున్నాం. ఉపగ్రహాల సాయంతో కొలిచే రోవర్లు తెచ్చారు, ఊరంతా కొలిచారు. మా నంబరు దగ్గరికొచ్చేసరికి అది ప్రభుత్వ భూమి అని ఎక్కింది, రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల నిషేధిత జాబితాలోనూ ఎక్కింది. పాసు పుస్తకాల మీద ముఖ్యమంత్రి ఫోటో పోయి రాజముద్ర వచ్చింది, చాలా సంతోషం. మా వదినకి ఫోటో ఉన్నదీ రాలేదు, ముద్ర ఉన్నదీ రాలేదు.

ఇదొక ఎత్తు, మొన్న అడిగింది ఇంకొక ఎత్తు. అర్జీతో పాటు డిశ్చార్జి బుక్, అంటే సైన్యం నుంచి రిటైరైన వాళ్ళకిచ్చే పుస్తకం, జతచేయాలట. సీట్లో ఉన్నాయన కుర్రాడు, మర్యాదగానే అడిగాడు: "మీ ఆయన ఏ సంవత్సరంలో రిటైరయ్యారమ్మా?" ఆయన రిటైరవలేదని వదిన చెప్పింది. "అంటే ఇంకా సర్వీసులోనే ఉన్నారా?" అన్నాడు. ఫారంలో ఆ గడి ఖాళీగా ఉంటే కంప్యూటర్ తీసుకోదట.

మా అన్నయ్య గోల్కొండ ఆర్టిలరీ సెంటర్‌లో ట్రైనింగయ్యాడు. 1999లో ద్రాస్ దగ్గర శ్రీనగర్–లేహ్ రోడ్డు పక్కన బోఫోర్స్ ఫిరంగి మీద పనిచేశాడు. ఆ యుద్ధంలో మన ఫిరంగులు రెండున్నర లక్షల దాకా గుండ్లు, రాకెట్లు పేల్చాయని చెప్తారు. జూన్ 13న టోలోలింగ్, జులై 4న టైగర్ హిల్ మన చేతికొచ్చాయని పేపర్లు రాశాయి. కొండెక్కిన వాళ్ళకి దారి చేసింది కింద రోడ్డు మీదున్న ఈ గన్నర్లే. శత్రువు గుండు పడింది కూడా ఆ రోడ్డు మీదే. శవపేటిక వచ్చిన తర్వాత చాలా రోజులకి ఆయన నల్ల ట్రంకు పెట్టె వచ్చింది, మూత మీద తెల్ల పెయింటుతో ఆర్మీ నంబరు. లోపల బట్టలు, షేవింగ్ సెట్టు, నాన్నకని కొన్న స్వెట్టరు ఉన్నాయి. డిశ్చార్జి బుక్ లేదు. చచ్చిపోయిన వాడికి ఆర్మీ అది ఇవ్వదు సార్. క్యాజువాల్టీ సర్టిఫికెట్ ఇస్తుంది. అది మా దగ్గరుంది, జిరాక్సులు తీసి తీసి మడత దగ్గర చిరిగింది.

కేంద్రం ఇస్తానన్న డబ్బు అప్పట్లోనే ఇచ్చింది. పింఛను నెలనెలా పడుతోంది. ఆ మాట దాచను. తేలనిది మీ శాఖ దగ్గరున్న ఐదెకరాలే.

ఏటా జులై 26న, కార్గిల్ విజయ్ దివస్ రోజున మాత్రం మేం అందరికీ గుర్తొస్తాం. ముందురోజు ఫోను, పొద్దున్నే జీపు. వీరనారి అని మైకులో పిలిచి శాలువా కప్పుతారు. ఒక ఏడు కప్పింది మా తహసీల్దారు గారే. వదిన వేదిక మీదే "సార్, నా పట్టా సంగతి" అంది. "సోమవారం రండమ్మా" అన్నారు, కెమెరా వైపు చూస్తూ.

2025 మేలో ఆపరేషన్ సిందూర్ సమయంలో కల్లి తండా కుర్రాడు మురళీ నాయక్ సరిహద్దులో ప్రాణం వదిలాడు. ప్రభుత్వం 50 లక్షలు, ఐదెకరాలు, 300 గజాల ఇంటి స్థలం, ఇంట్లో ఒకరికి ఉద్యోగం ప్రకటించింది. చేయాల్సిన పనే. కానీ టీవీలో ఐదెకరాలు అనగానే మా ఇంట్లో అందరం ఒకరి మొహం ఒకరు చూసుకున్నాం. ఆ తల్లిదండ్రులకి నేను చెప్పగలిగింది ఒక్కటే: హద్దురాళ్ళు పాతాకే ఫోటోకి నిలబడండి.

అయ్యా, మేం అడిగేది కొత్త సాయం కాదు. ఆ ఐదెకరాలు ఎక్కడున్నాయో చూపించండి. ఆ రైతుదే అని తేలితే ఆయనకే ఉంచండి, మాకు ఇంకోచోట చూపించండి. ఎక్కడా లేవంటే ఆ మాటే రాతపూర్వకంగా ఇవ్వండి, మళ్ళీ మీ గడప తొక్కం. ఒక్క సర్వేయర్‌ని, గొలుసు బయటికి తీసే వాణ్ణి, పంపించండి చాలు. ఈసారి జులైలో వదిన వేదిక ఎక్కదు. జీపు పంపి ఇబ్బంది పడొద్దని మీ వాళ్ళకి చెప్పగలరు.

ఇట్లు,
ఒక గన్నర్ తమ్ముడు

జతపరచినవి: పట్టా నకలు, క్యాజువాల్టీ సర్టిఫికెట్ నకలు, పాత అర్జీల రసీదులు. డిశ్చార్జి బుక్ జతపరచలేదు, కారణం పైన రాశాను.