ఓడ జెట్టీకి చేరిన తర్వాతి 6 వారాల గురించి రక్షణ శాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన రక్షణ శాఖ మంత్రి గారికి నమస్కరించి రాయునది.

నేను యుద్ధనౌక ఇంజన్ విభాగంలో పనిచేస్తున్న ఒక నావికుని భార్యను. మావారు 7 నెలల డిప్లాయ్‌మెంట్, అంటే ఇంటికి దూరంగా ఓడ మీద చేసే సుదీర్ఘ విధి, ముగించుకుని వచ్చి 3 నెలలు కావస్తోంది. ఆ ఉదయం జెట్టీ మీద జరిగిన స్వాగతంలో ఏ లోటూ లేదు. బ్యాండు మోగుతుండగా, తెల్లని యూనిఫాంలో డెక్ అంచున బారులు తీరి నిలబడిన వారిలో మావారి ముఖం ఎక్కడుందా అని పాపను చంకనెత్తుకుని వెతుక్కున్న ఆ పది నిమిషాలు నాకు జీవితాంతం గుర్తుంటాయి. ఆ ఏర్పాట్లు చేసిన వారందరికీ మనస్ఫూర్తిగా కృతజ్ఞతలు చెప్పుకుని, ఆ తర్వాతి రోజుల సంగతి మీకు మనవి చేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

మావారు ఇంటికి వచ్చిన మూడో రోజునే తిరిగి ఓడ మీద డ్యూటీకి వెళ్ళవలసి వచ్చింది. సముద్రం మీద వాయిదా పడిన మరమ్మతులన్నీ రేవు చేరగానే మొదలవుతాయని, ఇంజన్ విభాగం వారికి అప్పుడే పని ఎక్కువని నాకు తెలియనిది కాదు. వంతుల ప్రకారం రాత్రి డ్యూటీలూ పడ్డాయి. పదహారో రోజున, 6 వారాల శిక్షణకు వేరే ఊరు వెళ్ళమని ఉత్తర్వు వచ్చింది. రావలసిన సెలవు ఎక్కడికీ పోదని, తర్వాత వాడుకోవచ్చని సంబంధిత అధికారి మర్యాదగానే చెప్పారు. సెలవు కాగితం మీద భద్రంగానే ఉంది. అది మాకు ఏ రోజుల్లో కావలసి వచ్చిందో ఆ రోజులు మాత్రం గడిచిపోయాయి.

ఆ రోజుల్లో ఇంట్లో ఏం జరుగుతుందో మీకు వివరంగా చెప్పడం అవసరమనుకుంటున్నాను. మావారు బయలుదేరినప్పుడు మా పాపకు 5 నెలలు, వచ్చేసరికి సంవత్సరం. ఫోన్ తెరమీద నాన్న కనబడితే నవ్వే పిల్ల, అదే మనిషి గదిలోకి వచ్చి చేతులు చాచేసరికి నా భుజంలో ముఖం దాచుకుని ఏడ్చింది. ఆయన చాచిన చేతులు మెల్లగా వెనక్కి తీసుకోవడం నేను చూశాను. ఆ వారమంతా ఆయన దాన్ని ఎత్తుకునే ప్రయత్నం చేయలేదు. కొంచెం దూరంలో నేలమీద కూర్చుని దాని బొమ్మలను ఒక్కొక్కటిగా దాని వైపు జరుపుతూ ఉండేవారు. పన్నెండో రోజు సాయంత్రం అదే పాకుతూ వెళ్ళి ఆయన మోకాలు పట్టుకుని లేచి నిలబడింది. ఆ తర్వాత నాలుగు రోజులకే శిక్షణకు వెళ్ళమన్న ఉత్తర్వు. 6 వారాల తర్వాత ఆయన వచ్చినప్పుడు మళ్ళీ మొదటి రోజు నుంచే ఆరంభించవలసి వచ్చింది.

నిద్ర సంగతి మరొకటి. ఓడ మీద రోజును వాచ్‌లుగా, అంటే డ్యూటీ వంతులుగా, విభజిస్తారు కాబట్టి, అర్ధరాత్రి 12 నుంచి తెల్లవారుజామున 4 వరకు నెలల తరబడి మెలకువగా ఉన్న మనిషికి ఇంటికి వచ్చినా రాత్రి పదకొండున్నరకు కళ్ళు తెరుచుకుంటాయి. ఇంకో కారణం ఆయన చెబితేగాని నాకు తెలియలేదు. యంత్రాల హోరులో, గాలి పంకాల మోతలో నిద్రపోయే నావికుడికి ఆ చప్పుడు ఆగడమంటే ఎక్కడో ఏదో చెడిపోయిందని అర్థమట. అందువల్ల ఇంటి నిశ్శబ్దమే ఆయనను ఉలిక్కిపడేలా చేసేది. అలాంటి మనిషికి మొదటి వారంలోనే రాత్రి డ్యూటీ వేస్తే, ఇంటి వేళలకు శరీరం అలవాటు పడే అవకాశం ఎప్పుడు దొరుకుతుంది?

అన్నిటికంటే కష్టమైనది మా ఇద్దరి మధ్య సర్దుబాటు. ఆయన లేని 7 నెలల్లో ఇంటద్దె, బ్యాంకు, పాప జ్వరం, నా ఉద్యోగం అన్నీ నేనొక్కదాన్నే చూసుకున్నాను. ఆయన లేని లోటు కనబడకుండా ఇల్లు ఎంత జాగ్రత్తగా అమర్చుకున్నానంటే, ఆయన వచ్చేసరికి ఆ అమరికలో ఆయనకు చోటు మిగల్లేదు. "నేనేం చెయ్యను?" అని ఆయన అడిగితే, చెప్పేకంటే నేనే చేసుకోవడం తేలికని ప్రతిసారీ అనిపించేది. పది రోజుల వరకు ఆయన బట్టలు బ్యాగులోంచి బయటికి రాలేదు. అలమారలో తన అర ఏదో నన్ను అడగడానికి మొహమాటపడ్డారని తర్వాత తెలిసి నేను చాలా బాధపడ్డాను. భార్య సముద్రం మీదకు వెళ్ళగా ఇల్లు చూసుకునే భర్తలు కూడా ఇప్పుడు కొందరు ఉన్నారు. వారి ఇళ్ళలోనూ ఇదే జరుగుతుందని ఒకరిద్దరితో మాట్లాడినప్పుడు తెలిసింది.

ఇది మా ఒక్క ఇంటి బలహీనత కాదనడానికి ఆధారం ఉంది. అమెరికా నౌకాదళ కుటుంబాల అనుభవాల ఆధారంగా 1987లో వెలువడిన ఒక విశ్లేషణ, డిప్లాయ్‌మెంట్ సమయంలో భార్యలు దాటే మానసిక స్థితిని 7 దశలుగా గుర్తించింది. వాటిలో చివరి 2 దశలు ఓడ తిరిగి వచ్చాకే మొదలవుతాయి. దంపతులు తమ బాధ్యతలను మళ్ళీ మాట్లాడుకుని పంచుకునే దశకు సుమారు 6 వారాలు, ఇల్లు నిజంగా కుదుటపడే దశకు 12 వారాల వరకు పడుతుందని అందులో చెప్పారు. మాకు దొరికినవి 15 రోజులు, అవి కూడా డ్యూటీలు పోగా మిగిలినవి.

ఇతర దేశాల నౌకాదళాలు ఈ విషయాన్ని ఎలా చూస్తున్నాయో మీ శాఖకు తెలిసే ఉంటుంది. బ్రిటన్‌లో సైనిక విధుల నుంచి తిరిగి వచ్చినవారికి, బయట గడిపిన ప్రతి 9 రోజులకు ఒక రోజు చొప్పున మామూలు సెలవుకు అదనంగా సెలవు లెక్కగడతారు. అమెరికా నౌకాదళంలో ఓడ ఇంకా సముద్రం మీద ఉండగానే సలహాదారుల బృందం దాని మీదకు వెళ్ళి, తాము లేనప్పుడు పుట్టిన బిడ్డను ఎలా ఎత్తుకోవాలనే దగ్గరనుంచి, ఇంట్లో మారిన పద్ధతులను ఎలా అర్థం చేసుకోవాలనే వరకు తరగతులు నిర్వహిస్తుంది. చివరి రేవు నుంచి సొంత రేవు వరకు నావికుల బంధువులను ఓడ మీద ప్రయాణం చేయనిచ్చే పద్ధతి కూడా వారికి ఉంది. నాన్న ఎక్కడ పడుకునేవాడో, ఏ యంత్రం పక్కన నిలబడేవాడో కళ్ళారా చూసిన పిల్లలకు ఆ 7 నెలలు వేరుగా అర్థమవుతాయని నేను నమ్ముతున్నాను.

తిరిగి వచ్చే తేదీ కూడా ఇందులో భాగమే. అమెరికా విమానవాహక నౌక అబ్రహాం లింకన్ 2019 ఏప్రిల్‌లో బయలుదేరి 295 రోజుల తర్వాత 2020 జనవరిలో రేవు చేరింది. జెరాల్డ్ ఫోర్డ్ నౌక 2023 మేలో వెళ్ళి, గడువు పొడిగింపుల తర్వాత 2024 జనవరిలో తిరిగి వచ్చింది. అవసరాన్ని బట్టి గడువు పెరగవచ్చని, భద్రత దృష్ట్యా తేదీని బహిరంగంగా ప్రకటించరని మాకు తెలుసు, దానికి మేము సిద్ధంగానే ఉంటాం. పొడిగింపు ఖాయమైన మాట మాత్రం పక్కింటివారి ద్వారా కాకుండా మీ కార్యాలయం నుంచే మాకు అందితే చాలు.

అందువల్ల నా మనవి ఇది. 3 నెలలకు మించిన ప్రతి డిప్లాయ్‌మెంట్ తర్వాత, ఓడ జెట్టీకి చేరిన నాటినుంచి 6 వారాల పాటు ఆ నావికుణ్ణి శిక్షణకు గాని బదిలీకి గాని పంపకూడదని నియమం చేయండి. ఆ 6 వారాల్లో, 9 రోజులకు ఒక రోజు లెక్కన వచ్చే సెలవును తప్పనిసరిగా ఇప్పించండి. మా విషయంలో అది 3 వారాలు దాటుతుంది. ఓడను ఖాళీగా వదలలేరు కాబట్టి సిబ్బందిని రెండు సగాలుగా చేసి ఒకరి తర్వాత ఒకరికి ఇవ్వవచ్చు. మరమ్మతులకు, రాత్రి కాపలాకు ఒడ్డున పనిచేసే సిబ్బందిని మొదటి 3 వారాలు తోడివ్వవచ్చు. కొత్తగా తండ్రులైనవారిని, తల్లులైనవారిని మొదటి సగంలో చేర్చితే ఇంకా మేలు.

దేశానికి ఆపద వస్తే ఓడ మర్నాడే మళ్ళీ బయలుదేరవలసి రావచ్చు. ఆ మాట పెళ్ళినాడే తెలిసి ఒప్పుకున్నవాళ్ళం, ఆ రోజున మేము అడ్డు చెప్పము. శిక్షణ తరగతి అటువంటి ఆపద కాదు, అది రెండు నెలలు ఆగి మొదలైనా దేశానికి నష్టం రాదు.

మావారి ఓడ వచ్చే సంవత్సరం మళ్ళీ సుదీర్ఘ ప్రయాణానికి వెళ్తుందని చెబుతున్నారు. అది తిరిగి వచ్చేలోగా ఈ నియమం అమలులోకి తేవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక నావికుని భార్య