మార్కెట్‌ను కదిలించే ముందు: పురపాలక మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన పురపాలక, పట్టణాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం.

రోడ్డు వెడల్పు చేయాలన్నా, ట్రాఫిక్ తగ్గించాలన్నా మున్సిపాలిటీ కంటికి ముందు ఆనేది తోపుడు బండ్లే. పొద్దున జేసీబీ వస్తుంది, మధ్యాహ్నానికి మార్కెట్ ఖాళీ. వ్యాపారులను ఊరి చివర షెడ్లలోకి పొమ్మంటారు. షెడ్లు బాగానే కట్టి ఉండొచ్చు, కొనేవాళ్లు మాత్రం అక్కడికి రారు. చిరు వ్యాపారం సాగేది జనం నడిచే దారిలోనే. బస్సు దిగి ఇంటికి పోయే మనిషి దారిలో ఆగి కొంటాడు గానీ, అరకిలో టమాటాల కోసం ఆటో మాట్లాడుకుని ఊరవతలికి పోడు.

నష్టం బండ్లవాళ్లతో ఆగదు. మార్కెట్‌కు వచ్చిన జనమే పక్కనున్న కిరాణా కొట్టుకూ, టైలర్ షాపుకూ, మందుల దుకాణానికీ గిరాకీ. వాళ్లు అద్దె కడుతూ, ట్రేడ్ లైసెన్సు తీసుకుని నిలబడ్డవాళ్లు. మార్కెట్ కదిలితే వాళ్ల గోడు పట్టించుకునేవాళ్లుండరు. నెలాఖరున చేతిలో డబ్బు ఆడని ఇంటికి ఖాతా రాసుకుని సరుకిచ్చేది ఆ కొట్టువాళ్లే కదా!

మేం కొత్త చట్టమేమీ కోరడం లేదు. కాలిబాటపై వ్యాపారం కూడా, తగిన నియంత్రణకు లోబడి, రాజ్యాంగం ఇచ్చిన హక్కేనని సుప్రీంకోర్టు 1989లోనే చెప్పింది. 2014లో పార్లమెంటు వీధి వ్యాపారుల చట్టం చేసింది. వీధి వ్యాపారులను గుర్తించే సర్వే పూర్తయి అందరికీ వ్యాపార సర్టిఫికెట్లు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదని, వేరే చోటికి తరలించకూడదని అందులో స్పష్టంగా ఉంది. ఆ తర్వాత తరలించాల్సి వచ్చినా 30 రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి, సంతకం పెట్టి ఇవ్వాలి. వ్యాపారి వచ్చి అడిగితే, పాడైపోయే సరుకును అదే రోజు విడిచిపెట్టాలి. ఈ ఒక్క నిబంధన అమలైనా చాలామందికి ఆ రోజు పెట్టుబడి మిగులుతుంది.

అదే చట్టం ప్రకారం, పట్టణంలో వీధి వ్యాపారం వ్యవహారాలు చూసే టౌన్ వెండింగ్ కమిటీలో కనీసం 40 శాతం మంది వీధి వ్యాపారులు ఎన్నుకున్న ప్రతినిధులే ఉండాలి, వారిలో మూడో వంతు మహిళలు. అసలు సమస్య ఇక్కడే, వ్యాపారుల మాట వినకపోవడంలోనే ఉందని నా నమ్మకం. ఏ మూల ఏ గంటకు రద్దీ పెరుగుతుందో, బండ్లు ఎటు జరిపితే బస్సుకు దారి దొరుకుతుందో తెలిసినవాళ్లు వ్యాపారులే. వాళ్లను అడక్కుండా గీసిన ప్లాను వారం తిరక్కుండా చెడుతుంది. నడిచేవాళ్లకు, అంబులెన్సుకు దారి ఉండాల్సిందే. ఆ గీత ఎక్కడ గీయాలో కూర్చుని మాట్లాడుకోవాలి.

2020లో మొదలైన స్వనిధి పథకం కింద వ్యాపారులకు బ్యాంకు రుణాలిస్తున్నారు. అప్పు ఇచ్చి, అది తీరకముందే అమ్ముకునే చోటు తీసేస్తే వాయిదా ఎలా కట్టాలి?

అందుకే మీ నుంచి కోరేది ఇది. సర్వే పూర్తికాని ప్రతి పట్టణంలో తొలగింపులు ఆపమని కమిషనర్లకు రాతపూర్వకంగా ఆదేశాలివ్వండి. కమిటీలకు ఎన్నికలు పెట్టించండి, సమావేశాల తీర్మానాలు వార్డు కార్యాలయాల్లో అతికించండి. ఉన్న మార్కెట్లలోనే నీళ్లు, మరుగుదొడ్లు, దీపాలు, చెత్త బండి ఏర్పాటు చేయండి. ఆశీలు వసూలు చేసే చోట రేటు బోర్డు పెట్టించి, ప్రతి రూపాయికీ రసీదు ఇప్పించండి.

ఇట్లు,
మార్కెట్ పక్క వీధిలో ఉండే ఒక పౌరుడు