పాఠశాల వార్తాలేఖ: ఈ నెల నోట్సులో తప్పు లెక్కలెందుకు?

తల్లిదండ్రులకు నమస్కారం.

ఈ నెల మీ పిల్లల గణితం నోట్సులో కొన్ని విచిత్రమైన లెక్కలు కనిపిస్తాయి. 6+4=4 అని ఉంటుంది, 5+5+5=550 అని ఉంటుంది, 8+8=91 అని కూడా ఉంటుంది. టీచరు దిద్దకుండా వదిలేశారనుకోకండి. అవి కావాలని ఇచ్చిన తప్పులే. ఒక్క పుల్ల జరిపో, ఒక్క గీత గీసో, కాగితం తిప్పో వాటిని నిజం చేయాలి. మూడో తరగతి నుంచి ఎనిమిదో తరగతి దాకా శనివారం చివరి పీరియడులో ఇవే చేయిస్తున్నాం. కొన్ని ఇంటికీ వస్తాయి.

వీటివల్ల తెలివి పెరుగుతుందని గానీ, మార్కులు పెరుగుతాయని గానీ మేం చెప్పడం లేదు. మా గురి చాలా చిన్నది, అది సమాన గుర్తు. 5కి 3 కలిపి, దానికి 2 కలిపి, అందులోంచి 4 తీసేయమంటే చాలామంది పిల్లలు 5+3=8+2=10−4=6 అని ఒకే వరుసలో రాసేస్తారు. చివర వచ్చిన 6 సరైనదే. కానీ రాసింది రాసినట్టు చదివితే 5+3, 6 సమానమని అర్థం. అలాగే 8+4=□+5 ఇస్తే గడిలో 12 వేస్తారు, కొందరు 17 వేస్తారు. రావలసింది 7. = కనబడగానే ‘ఇక జవాబు రాయి’ అన్నట్టు చెయ్యి కదిలిపోతుంది. ఒకటో తరగతి నుంచి ఆ గుర్తు ఎప్పుడూ కుడివైపు చివరే ఉంటుంది మరి, పిల్లల తప్పేముంది? 1557లో రాబర్ట్ రికార్డ్ ఈ గుర్తును అచ్చులోకి తెచ్చినప్పుడు ఇచ్చిన కారణం, రెండు సమాంతర గీతలకన్నా సమానమైనవి వేరే ఉండవని. అది రెండు పళ్లేలూ తూగాల్సిన తక్కెడ. తూగని తక్కెడ ముందు పెడితేనే పిల్లలు రెండో పళ్లెం వైపు చూస్తారు.

పుల్లల సంగతి. అగ్గిపుల్లలు వద్దు. మందు ఉన్న పుల్లలు చిన్నపిల్లలున్న ఇంట్లో నేలమీద పరవడం మంచిది కాదు. టెంకాయ పొరకలోంచి నాలుగైదు ఈనెలు తీసి 5 సెంటీమీటర్ల ముక్కలు కత్తిరించండి, 30 ముక్కలు చాలు. ఈనె కొసవైపు మరీ సన్నగా ఉండి చిన్న గాలికే లేచిపోతుంది కాబట్టి మొదలు, నడిమి భాగం వాడండి. ఏటవాలుగా కోస్తే వేళ్లకు గుచ్చుకుంటాయి, అడ్డంగా కోయండి. పొడవులు సమానంగా లేకపోతే 8 వంకరపోయి, పిల్లవాడు 6కీ 0కీ తేడా పోల్చుకోలేడు. పలక మీద పేర్చుకుంటే బాగుంటుంది. చాప గీతల్లో ఈనెలు కలిసిపోతాయి.

అంకెలు కాలిక్యులేటరు తెరమీద ఉన్నట్టే పేర్చాలి. 8కి 7 పుల్లలు. 0, 6, 9కి ఆరేసి, 2, 3, 5కి ఐదేసి, 4కి నాలుగు, 7కి మూడు, 1కి రెండు. కూడిక గుర్తుకు రెండు, తీసివేతకు ఒకటి, సమాన గుర్తుకు రెండు. మా బడిలో 6కి పైన అడ్డపుల్ల ఉంటుంది, 9కి అడుగున అడ్డపుల్ల ఉంటుంది. ఇది ముందే తేల్చుకోకపోతే ఇంట్లో గొడవ ఖాయం. ఎందుకో కింద తెలుస్తుంది.

నియమం కూడా ముందే చెప్పాలి. ఒక్క పుల్లే కదలాలి. తీసి పక్కన పెట్టకూడదు, విరవకూడదు, ఇంకో పుల్ల మీద పెట్టి దాచకూడదు. చివర్లో ఎక్కడో ఒకచోట సమాన గుర్తు ఉండి తీరాలి. ఈ ఆఖరి షరతు లేకపోతే ఎవరో ఒకరు = మీద ఓ గీత కొట్టి ‘సమానం కాదు’ అంటారు. అదీ నిజమే, మొదటిసారి అన్న పిల్లను మెచ్చుకోండి కూడా. కానీ ఆ దారి తెరిచి ఉంచితే లోకంలో ఉన్న ప్రతి తప్పు సమీకరణానికీ అదొక్కటే జవాబు.

ఇప్పుడు 6+4=4. ఊరికే పుల్లలు అటూ ఇటూ జరుపుతూ కూర్చుంటే విసుగొస్తుంది. ముందు ఎడమ ఎంత, కుడి ఎంత అని అడగండి. ఎడమ 10, కుడి 4. తేడా 6. అంటే ఒక్క పుల్లతో ఆరు పోవాలి. 6 నడుమ పుల్ల తీసి కుడివైపు పైన నిలబెడితే 0 అవుతుంది, 0+4=4. ఆరూ ఒక్కచోటే పోయింది. ఇంకో దారి ఉంది: కూడిక గుర్తు నిలువు పుల్ల తీస్తే తీసివేత అవుతుంది. 4 కలపడం పోయి 4 తీసేయడం వచ్చింది కాబట్టి ఎడమవైపు 8 తగ్గింది. ఆ పుల్లే 6 మీద పెడితే 8 అవుతుంది, 2 పెరిగింది. 8 పోయి 2 వస్తే మళ్లీ ఆరే, 8−4=4. ఇక్కడ చాలామంది ఆగిపోతారు. అడుగు పుల్ల లేని 9 ఒప్పుకునే ఇంట్లో మూడోది కూడా ఉంది. 6 ఎడమవైపు కింది పుల్ల తీస్తే 5, దాన్ని కుడివైపు 4 నెత్తిన పెడితే 9, అప్పుడు 5+4=9. ఎడమ 1 తగ్గి కుడి 5 పెరిగింది, అదీ ఆరే. మా లెక్కలో 9కి ఆరు పుల్లలు కాబట్టి బడిలో ఇది చెల్లదు. మొదలుపెట్టే ముందే ‘మా ఇంట్లో 9కి అడుగు ఉండదు’ అనుకుని ఉంటే మాత్రం ఒప్పుకోండి. జవాబు వచ్చాక 9 ఆకారం మార్చడం కుదరదు.

ఏ అంకె పుల్ల ఇవ్వగలదు, ఏది పుచ్చుకోగలదు అన్న పట్టీ పిల్లలు తామే తయారుచేసుకుంటే పని తేలిక. 8 ఒక పుల్ల ఇచ్చి 0, 6, 9లో ఏదైనా కాగలదు. 9 ఇస్తే 5 లేదా 3, 6 ఇస్తే 5, 7 ఇస్తే 1. తిరగేసి చదివితే పుచ్చుకునేవి వస్తాయి. ఇచ్చిపుచ్చుకోకుండా తనలోనే జరుపుకునేవి 0, 6, 9 ఒక జట్టు. 2–3, 3–5 రెండు జతలు. 4కి ఇచ్చే దారి లేదు, మా బడి 9తో పుచ్చుకునే దారీ లేదు.

ఈ పట్టీ చేతిలో ఉంటే కొత్త పజిల్ తయారుచేయడం కూడా వస్తుంది. విప్పడంకన్నా మాకు అదే ఎక్కువ ఇష్టం. నిజమైన లెక్కతో మొదలుపెట్టి ఒక్క పుల్లతో చెడగొట్టాలి. 9−3=6 తీసుకుని 9 నుంచి ఒకటి తీసి 6కి ఇస్తే 3−3=8 వస్తుంది. విప్పేవాళ్లు తిరిగి 9−3=6కే వస్తారన్న నమ్మకం లేదు. 8 నుంచి తీసి తీసివేత గుర్తు మీద నిలబెడితే 3+3=6, అదీ నిజమే. పజిల్ రాసినవాళ్లు అనుకోని జవాబు వస్తే తప్పు అనకండి. ఎడమ ఎంత, కుడి ఎంత, ఎన్ని పుల్లలు కదిలాయి? చూడాల్సింది అంతే.

ఒకే లెక్క రెండు తరగతులకు ఎలా పనికొస్తుందో 101−102=1లో చూడండి. కాగితం మీద ‘ఒక్క అంకె జరుపు’ అంటే 102లోని 2ను పైకి లేపి 10² చేయాలి, 101−100=1. పాఠాల్లో ఘాతాలు వచ్చేదాకా దీన్ని ఇవ్వకండి, చిన్నవాళ్లకు అది మోసంలా ఉంటుంది. అదే లెక్కను 28 పుల్లలతో పేర్చి ‘ఒక్క పుల్ల జరుపు’ అంటే మూడో తరగతికి సరిపోతుంది. సమాన గుర్తులోంచి ఒకటి తీసి తీసివేత గుర్తు కింద పెడితే చాలు, 101=102−1. జవాబు కుడివైపే ఉండాలన్న అలవాటు ఇక్కడ బాగా బయటపడుతుంది.

5+5+5=550లో ఒక కూడిక గుర్తుకు ఏటవాలు గీత కలిపి 4 చేయాలి: 545+5=550. ప్రశ్న రాసేటప్పుడు కూడిక గుర్తును అంకెలంత ఎత్తున రాయండి, లేకపోతే ఆ 4 ఎవరికీ తట్టదు. 8+8=91కి ఏదీ ముట్టుకోనక్కర్లేదు, కాగితం తలకిందులు చేస్తే 16=8+8. ఒకటిని మాత్రం ఒట్టి నిలువు గీతగా రాయాలి.

పెద్ద తరగతులకు పుల్లలతో రోమన్ అంకెలు: | అంటే 1, || అంటే 2, ||| అంటే 3. | = || + || లో కూడిక నిలువు పుల్లను పక్క అంకెకు ఇస్తే | = ||| − ||. అంతకన్నా గట్టిది ||| = ||| + |||. కూడిక గుర్తు నిలువు పుల్లను పడుకోబెడితే ||| = ||| = |||. 1999లో గుంథర్ క్నోబ్లిఖ్, స్టెల్లన్ ఓల్సన్, మరో ఇద్దరు మనస్తత్వ శాస్త్రవేత్తలు ఇలాంటి పుల్లల లెక్కల మీదే పరిశోధన ప్రచురించారు. అంకె మారిస్తే తీరేవి సులువుగా, గుర్తు మార్చాల్సినవి కష్టంగా, ఇలా రెండు సమాన గుర్తులు వచ్చేవి ఇంకా కష్టంగా తేలాయి. అంకెలు మారతాయని బడి నేర్పుతుంది, గుర్తులు మారతాయని నేర్పదు.

ప్రమాణాలతో తీరేవి ఇంకో రకం. 11+2=1 ఎప్పుడు నిజం? 11కు తిరుపతిలో బస్సెక్కి చిత్తూరుకు రెండు గంటలు పడితే గడియారం 1 చూపిస్తుంది. 8+8=1 అయితే అవ్వనో తాతనో అడగమనండి. 1957 ఏప్రిల్‌లో నయా పైసలు రాకముందు రూపాయికి 16 అణాలు. వీటిలో జవాబు పక్కన గంటలు, అణాలు అని రాసి తీరాలి. రాయకపోతే తప్పు తప్పుగానే మిగులుతుంది.

వాట్సాప్‌లో తిరిగే 1+4=5, 2+5=12, 3+6=21, 8+11=? లాంటివి మాత్రం మేం ఇవ్వం. పై జవాబును కిందికి కలుపుకుంటూ పోతే 40, రెండు సంఖ్యల లబ్ధానికి మొదటి సంఖ్య కలిపితే 96. రెండూ నిలుస్తాయి, వాదన తెగదు. పైగా = గుర్తును ఇష్టమొచ్చినట్టు వాడటం అక్కడే నేర్పుతున్నట్టు.

ఇంట్లో పది నిమిషాలు చాలు. రాకపోతే పుల్లలు అలాగే వదిలేసి మర్నాడు చూడనివ్వండి. ‘ఆ పుల్ల కాదురా’ అని వేలు పెట్టడంకన్నా తేడా ఎంతో మళ్లీ లెక్క పెట్టమనడం మేలు. అన్నకు వచ్చింది, నీకు రాలేదు అన్న మాట మాత్రం వద్దు.

ఈ వారం ఇంటికి రెండు: 5+7=2, 5+9=9. ఒక్కొక్క పుల్లే. రెండోదానికి రెండు జవాబులున్నాయి. ముందు, తర్వాత ఉన్న రెండు బొమ్మలూ గీసి, కదిలిన పుల్లను ఎర్ర పెన్సిలుతో దిద్ది, కింద ఎడమ ఎంతో కుడి ఎంతో రాసి శుక్రవారంలోగా పంపండి.

ప్రధానోపాధ్యాయురాలు,
తిరుపతి