పన్నెండు రెండిళ్ల చుట్టం

ఒరేయ్ శ్రీనూ,

నీ ఉత్తరం వచ్చి మూడు వారాలైంది. ఇంకా జవాబు రాయలేదని తిట్టుకుంటూ ఉంటావు. తిట్టుకో, కానీ తప్పు నీదే. కబుర్లన్నీ అయ్యాక ఊరుకోకుండా "అయినా కీబోర్డు మీద స కీ పై స కీ మధ్య పన్నెండు మెట్లే ఎందుకురా, పంతొమ్మిది పెడితే ఏం పోయింది?" అని ఓ ముక్క తగిలించావు. అప్పటినుంచీ నేను కాలిక్యులేటర్‌తో కాపురం చేస్తున్నాను.

మొదటి మెట్టు నీకు తెలిసిందే, గబగబా ఎక్కేద్దాం. స నుంచి పై స కి కంపనాలు రెట్టింపు, ఆ దూరమే ఒక స్థాయి. స నుంచి ప కి ఒకటిన్నర రెట్లు, అంటే 3/2, ఆ దూరమే పంచమం. పంచమం మీద పంచమం వేసుకుంటూ 12 సార్లు ఎక్కితే 129.746 రెట్లు అవుతుంది. ఏడు స్థాయిలు ఎక్కితే 128. కలిసినట్టే ఉంటుంది, కలవదు. ఎన్నిసార్లు ఎక్కినా కలవదు. 3 ని ఎంత గుణించుకుంటూ పోయినా బేసి సంఖ్యే, 2 ని గుణిస్తే ఎప్పుడూ సరి సంఖ్యే కదా! శ్రుతి తగాదాల్లో సగం ఈ సరి-బేసి తగాదాయే.

ఆ మిగిలిపోయిన ముక్క పేరు పైథాగరస్ కామా, 23.46 సెంట్లు. (వాక్యం మధ్యలో పెట్టే కామా కాదు, పొలం కొలిచే సెంటూ కాదు. ఒక స్థాయిని 1200 సమభాగాలు చేస్తే ఒక్కో భాగం ఒక సెంటు. 19వ శతాబ్దంలో అలెగ్జాండర్ ఎల్లిస్ పెట్టిన కొలత.)

నా నిద్ర చెడగొట్టింది మాత్రం ఇంకో కామా. స నుంచి నాలుగు పంచమాలు ఎక్కు: ప, రి, ధ, గ. రెండు స్థాయిలు దిగు. 81/64 దగ్గర తేలతావు. తంబురా మీటితే తనంతట తాను పలికే స్వయంభు గాంధారం 5/4, అంటే 80/64. రెంటికీ తేడా 81/80, సుమారు 21.5 సెంట్లు. చిన్నదే, కానీ మంచి చెవికి ముల్లులా గుచ్చుకుంటుంది.

ఇప్పుడు నీ పంతొమ్మిది దగ్గరికి వస్తున్నా. స్థాయిని ఎన్ని సమాన మెట్లుగా కోసినా, ఆ కోత గురించి తెలియాల్సింది మూడే అంకెలు: 2 రెట్లకి ఎన్ని మెట్లు, 3 రెట్లకి ఎన్ని, 5 రెట్లకి ఎన్ని. పన్నెండుకి అవి 12, 19, 28. పంతొమ్మిదికి 19, 30, 44. ఇవి చేతిలో ఉంటే గుణకారాలన్నీ కూడికలైపోతాయి. 81/80 లో నాలుగు 3 లు పైన, నాలుగు 2 లూ ఒక 5 కింద. పన్నెండులో 76 (4×19) లోంచి 48 (4×12), 28 తీసెయ్: సున్నా. పంతొమ్మిదిలో 120 లోంచి 76, 44 తీసెయ్: మళ్లీ సున్నా! ఆ కామా రెండు చోట్లా మాయం. అంటే నాలుగు పంచమాలు ఎక్కి వచ్చిన గాంధారం, స్వయంభు గాంధారం అక్కడ ఒకే మెట్టు.

ఆ రెండు వరుసలనీ ఒకదాని కింద ఒకటి రాసి ఊరికే కూడాను. 31, 49, 72. స్థాయిని 31 ముక్కలు చేసినప్పుడు వచ్చే అంకెలు అచ్చంగా ఇవే! సున్నాకి సున్నా కలిపితే సున్నాయే కాబట్టి 81/80 అక్కడా మాయం కాక తప్పదు. 1691లో క్రిస్టియాన్ హైగెన్స్, అవును, కాంతి తరంగాల హైగెన్సే, 31 గురించి రాసింది ఇందుకే. అప్పటి యూరప్ కీబోర్డుల మీద గాంధారం తియ్యగా ఉండాలని ఒక్కో పంచమాన్నీ ఆ కామాలో నాలుగో వంతు తగ్గించేవాళ్లు. అలా తగ్గిన పంచమం 696.58 సెంట్లు. 31 లో పంచమం 696.77. ఇంత దగ్గరగా రావడం చూసి నేను కుర్చీలోంచి లేచి ఓసారి గదంతా తిరిగొచ్చాను.

మరి స్థాయిని 53 ముక్కలు చేస్తే? దాని కథ వేరు. 53 పంచమాలు దాదాపు 31 స్థాయిలకి సమానమని క్రీస్తుపూర్వం 1వ శతాబ్దంలోనే చైనాలో జింగ్ ఫాంగ్ లెక్కగట్టాడు. అందులో పంచమానికీ అసలు పంచమానికీ తేడా 0.07 సెంట్లే. ఇంత శుద్ధంగా ఉంటే ఇంకేం కావాలని కంప్యూటర్‌లో 53 పెట్టి, ప-రి-ధ-గ మీదుగా ఎక్కి తియ్యటి గాంధారం (5/4) దూరంలో స కి దిగే చిన్న చరణం ఒకటి నాలుగు చుట్లు తిప్పాను. చివరికి స కాస్తా దాని పక్కనుండే శుద్ధ రిషభం దాదాపుగా అయి కూర్చుంది. సాఫ్ట్‌వేర్ పాడైందనుకుని ఓ సాయంత్రమంతా దాన్ని తిట్టాను. దాని తప్పేం లేదు. 53 వరుస 53, 84, 123. 336 లోంచి 212, 123 తీస్తే 1. కామా మాయం కాలేదు, ఒక మెట్టై నిలబడింది. చుట్టుకో మెట్టు చొప్పున నాలుగు చుట్లకి 90 సెంట్లు పైకి పాకాను.

53 మాయం చేసేది వేరే ముక్కని. 32805/32768, దాని పేరు స్కిస్మా, రెండు సెంట్లు కూడా ఉండదు. ఎనిమిది 3 లు, ఒక 5 పైన. పదిహేను 2 లు కింద. 672, 123 కూడి 795 తీసెయ్, సున్నా. 41 లోనూ (41, 65, 95) సున్నాయే. పన్నెండులో వేసి చూడు: 152, 28 కలిపితే 180, తీసేది కూడా 180. ఇదీ సున్నా! పైగా 12, 41 వరుసలు కూడితే 53 వరుస వస్తుంది. (అదే 31 లో వేస్తే మైనస్ ఒకటి. పిసరంత పైకి వెళ్లాల్సిన స్వరం ఓ మెట్టు కిందకి దిగుతుంది. నాకు నవ్వాగలేదు.)

అంటే ఒకటి 81/80 ని మింగేసిన ఇల్లు: 12, 19, 31. ఇంకోటి స్కిస్మాని మింగేసిన ఇల్లు: 12, 41, 53. రెండిళ్లలోనూ పీట వేసుకుని కూర్చున్నది పన్నెండు.

ఎందుకు పన్నెండే? డచ్ భౌతిక శాస్త్రవేత్త ఆద్రియాన్ ఫొక్కర్ చూపిన దారి ఒకటుంది. 2 ని పక్కన పెట్టి, 3 లు అడ్డంగా, 5 లు నిలువుగా గళ్ల కాగితం మీద గుర్తించు. 81/80 అంటే (4, −1). స్కిస్మా అంటే (8, 1). ఈ రెంటినీ భుజాలుగా సమాంతర చతుర్భుజం గియ్యి. దాని వైశాల్యం, మన ఇంటర్మీడియట్ నిర్ధారకమే, 4×1 లోంచి (−1)×8 తీసేస్తే 12! రెండు ముక్కల్నీ ఒకేసారి మాయం చేస్తే మిగిలే స్వరాలు అన్నే. ఎవరో కూర్చుని పన్నెండు అని నిర్ణయించలేదురా, వైశాల్యం అలా వచ్చింది.

నా చెవి మాట అడిగితే, 31 లో గాంధారం తేనె, పంచమం మాత్రం కాస్త నీరసం. 19 నాకు ఎక్కలేదు. నీకు నచ్చుతుందేమో, దానికి పెట్టింది పేరు 6/5 సాధారణ గాంధారం, 0.15 సెంట్ల తేడాతో పలుకుతుంది.

నువ్వు తప్పకుండా 22 గురించి అడుగుతావు కాబట్టి ముందే చెబుతున్నా. దాని వరుస 22, 35, 51. మన సంగీతంలో చెప్పే ఇరవై రెండు శ్రుతులకీ దీనికీ ముడి పెట్టకు, శ్రుతులు సమాన మెట్లు కావు. ఊరికే 81/80 దాంట్లో ఎంతవుతుందో వేసి, అది ఏ ఇంట్లో కూర్చుంటుందో, అసలు ఈ రెండిళ్లలో దేంట్లోనైనా కూర్చుంటుందో లేదో రాయి. స్కిస్మా కూడా వెయ్యి. నేను వేశాను, కానీ చెప్పను.

ఉంటాను,
నీ రవి