అటక లేని ఇల్లు

మాంచెస్టర్,
నవంబరు 17, 2024.

పూజ్యులైన నాన్నగారికి,

మీ పెద్దమ్మాయి నమస్కరించి వ్రాయునది. ఇక్కడ మేమందరం క్షేమం. అమ్మ మోకాలి నొప్పి కాస్త నెమ్మదించిందని తెలిసి సంతోషించాను.

ఫోనులో నేను చెప్పేది సగం వినబడక, వినబడిన సగం రాసుకునేలోగా నేను తరవాతి మాటకు వెళ్లిపోవడం వల్ల, మళ్లీ మళ్లీ అడగడానికి మీరు మొహమాటపడుతున్నారని అమ్మ చెప్పింది. అందుకే కంప్యూటరు సంగతంతా కాగితం మీద పెడుతున్నాను. దీన్ని పక్కన పెట్టుకుని తీరిగ్గా ఒక్కొక్కటే చేయండి, తొందరేమీ లేదు.

ముందుగా ఒక మాట. మీ కంప్యూటరుకు కాలం చెల్లిపోయిందని షాపతను అన్నది నిజం కాదు, కొత్తది కొనవలసిన పని లేదు. "యువర్ కంప్యూటర్ ఈజ్ లో ఆన్ మెమరీ" అని తెర మీదకు వస్తున్న ఆ చిన్న పెట్టె యంత్రం చెడిపోయిందని చెప్పడం లేదు. ఇవ్వడానికి తన దగ్గర ఇక జాగా లేదని మాత్రమే చెబుతోంది. జాగా ఎందుకు లేకుండా పోయిందో మీరు పోయిన ఆదివారం వాట్సాప్‌లో పంపిన రెండు ఫొటోలలోనే తేలిపోయింది. పగలంతా ఇక్కడి ఆఫీసులో ఇలాంటి మొరలు వినడమే నా ఉద్యోగం కనుక, మీ ఫొటో చూడగానే నాకు నవ్వు వచ్చింది. తరవాత, తాతయ్య దస్తరం చూసి మీరు టైపు చేసిన నాలుగు పేజీలు పోయాయని మీరన్నది గుర్తొచ్చి నవ్వు ఆగిపోయింది.

మొదటి ఫొటో టాస్క్ మేనేజర్‌ది. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కితే వచ్చే పట్టిక అది. అందులో "పెర్ఫార్మెన్స్" నొక్కి, ఎడమ వైపు "మెమరీ" మీద నొక్కారు. మీరు చూడమన్న చోట "అవైలబుల్" దగ్గర 0.8 జీబీ అని ఉంది. ఇంకా ముప్పావు జీబీకి పైగా ఖాళీ ఉంటే చాలదని ఎందుకంటోందని మీరు అడిగారు. అడగవలసిన ప్రశ్నే అడిగారు. దానికి జవాబు ఆ పక్కనే ఉన్న "కమిటెడ్" అనే అంకెలో ఉంది: 3.7/3.8.

చెల్లి పెళ్లికి మీరు పిలుపుల లెక్క చూసిన తీరు గుర్తుందా? హాల్లో పట్టేవాళ్లు ఇంతమంది, మేడ మీద బంతి వేస్తే ఇంకో ఇంతమంది అని కూడిక వేసి, అంతకు ఒక్క కార్డు కూడా ఎక్కువ అచ్చు వేయించనన్నారు. పిలిచినవాళ్లంతా వస్తారా ఏమిటని అమ్మ అంటే, వస్తే ఎవర్ని లేపమంటావని అడిగారు. విండోస్‌ది అచ్చం మీ స్వభావం. ఏదైనా ప్రోగ్రాము నాకు ఇంత మెమరీ కావాలని అడిగినప్పుడు, అది నిజంగా వాడుకుంటుందో లేదో చూడకుండా, అడిగినంతా ఇచ్చిన మాట కిందే జమ వేసుకుంటుంది. అలా ఇచ్చిన మాటల మొత్తం 3.7, ఇవ్వగలిగిన హద్దు 3.8. వచ్చిన అతిథులు తక్కువే కనుక హాల్లో కుర్చీలు ఖాళీగా కనబడుతున్నాయి, కానీ కార్డులన్నీ పంచేశాం కనుక కొత్తవాళ్లను పిలవడానికి లేదు. లినక్స్ అనే ఇంకో వ్యవస్థ ఉంది, దానిది సాధారణంగా అమ్మ స్వభావం: అందరూ రారులే అని హద్దుకు మించి పిలుస్తుంది, తీరా అందరూ వచ్చి కూర్చుంటే, చాలావరకు పెద్ద విస్తరి ముందు కూర్చున్నవాణ్ణి చూసి బంతిలోంచి లేపేస్తుంది. ఏది మంచిదన్న వాదం మా వాళ్లలో ఇంకా తెగలేదు, మీ ఇంట్లో తెగనట్టే.

ఇక అసలు విషయం. ఆ హద్దు రెండింటి మొత్తం. ఒకటి యంత్రంలో ఉన్న ర్యామ్, మీకు 4 జీబీ. రెండోది డిస్కు మీద విండోస్ తన కోసం కేటాయించుకునే పేజింగ్ ఫైల్. ర్యామ్‌ను వంటింటి గట్టు అనుకోండి, పేజింగ్ ఫైల్‌ను అటక అనుకోండి. రోజూ వాడే గిన్నెలు గట్టు మీద ఉంటాయి, ఏడాదికోసారి తీసే బూరెల మూకుడు అటక మీద ఉంటుంది. కావలసినప్పుడు దించుకుంటాం, గట్టు నిండితే ఇంకొకటి పైకి ఎక్కిస్తాం. గట్టునూ అటకనూ కలిపి ఒక్కటే పెద్ద జాగాగా ప్రోగ్రాములకు చూపించే ఏర్పాటుకే వర్చువల్ మెమరీ అని పేరు. మీ యంత్రంలో 4 జీబీ ర్యామ్ ఉండగా హద్దు 3.8 దగ్గరే ఆగిపోయిందంటే (తక్కిన కాస్తా తెర బొమ్మల కోసమూ ఇతర భాగాల కోసమూ పక్కకు పోతుంది), అటక బొత్తిగా లేదన్నమాట.

అటక ఏమైంది? మార్చి నెలలో మీరు పాత హార్డ్ డిస్కు తీయించి 120 జీబీ ఎస్‌ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని కొత్త రకం డిస్కు) పెట్టించారు కదా. ఎస్‌ఎస్‌డీ మీద మాటిమాటికీ రాస్తే అది అరిగిపోతుందని నమ్మి, దాన్ని కాపాడాలన్న సదుద్దేశంతోనే షాపతను పేజింగ్ ఫైల్ తీసేసి ఉంటాడు. ఆ నమ్మకం చాలామందిలో ఉంది. ఒక లెక్క చెబుతాను చూడండి. అంత చిన్న ఎస్‌ఎస్‌డీలు కూడా మామూలుగా కొన్ని పదుల టెరాబైట్ల రాతకు తట్టుకునేలా తయారవుతాయి. తక్కువలో తక్కువగా 40 టెరాబైట్లే అనుకుందాం (ఒక టెరాబైటు అంటే వెయ్యి జీబీ). రోజుకు 10 జీబీ చొప్పున రాసినా అది 4,000 రోజులు, అంటే దాదాపు పదకొండేళ్లు. మీరు రోజుకు అంత రాయరు. గోడలు బీటలిస్తాయేమోనని అటక పడగొట్టి, సామానంతా నడిమింట్లో పోసుకున్నట్టయింది మన పని.

సరిచేయడం చాలా సులువు. కీబోర్డు మీద విండోస్ గుర్తున్న మీటనూ ఆర్ అక్షరాన్నీ కలిపి నొక్కితే ఎడమ వైపు కింద ఒక చిన్న పెట్టె వస్తుంది. అందులో ఎస్-వై-ఎస్-డి-ఎం అని రాసి, చుక్క పెట్టి, సి-పి-ఎల్ అని రాసి ఎంటర్ నొక్కండి. వచ్చిన కిటికీలో "అడ్వాన్స్‌డ్" అన్న పేజీకి వెళ్లి, అన్నిటికన్నా పైన ఉన్న "పెర్ఫార్మెన్స్" గడిలోని "సెట్టింగ్స్" నొక్కండి. మరో కిటికీ వస్తుంది, అందులో కూడా "అడ్వాన్స్‌డ్" అనే పేజీయే ఉంటుంది. ఇక్కడే అందరూ తికమకపడి వెనక్కి వెళ్లిపోతారు, మీరు వెళ్లకండి. ఆ రెండో "అడ్వాన్స్‌డ్"లో కింద "వర్చువల్ మెమరీ" అనీ, దాని పక్కన "చేంజ్" అనీ ఉంటాయి. అది నొక్కగానే వచ్చే కిటికీలో "నో పేజింగ్ ఫైల్" అన్న చోట చుక్క కనబడుతుందనే నా అంచనా. పై వరసలో "ఆటోమేటికల్లీ మేనేజ్" అని మొదలయ్యే వాక్యం ముందున్న గడిలో టిక్కు పెట్టి, వచ్చిన కిటికీలన్నిటికీ ఓకే చెప్పుకుంటూ బయటికి రండి.

అక్కడ మెగాబైట్ల లెక్కలో అంకెలు వేయడానికి కూడా గళ్లు ఉంటాయి. ర్యామ్‌కు ఒకటిన్నర రెట్లు వేయాలని ఎవరో ఒకరు మీకు చెప్పకపోరు. అది పాత రోజుల సూత్రం. మీరు ఏ అంకే వేయకండి, విండోస్‌కే వదిలేయండి. మీ యంత్రానికైతే అవసరాన్ని బట్టి 12 జీబీ దాకా అదే పెంచుకుంటుంది. అయితే పెంచుకోవడానికి సీ డ్రైవులో ఖాళీ ఉండాలి కనుక, అక్కడ కనీసం 15 జీబీ ఎప్పుడూ మిగిలి ఉండేలా చూడండి. పెళ్లి వీడియోలు రెండు చోట్ల ఉన్నాయి, ఒక ప్రతిని బయటి డిస్కులోకి మార్చండి.

ఇదంతా అయ్యాక కంప్యూటరును "రీస్టార్ట్" చేయాలి. "షట్ డౌన్" చేసి మళ్లీ పెడితే చాలదా అంటారేమో. విండోస్ 10లో షట్ డౌన్ చేసినప్పుడు, తొందరగా లేవడం కోసం లోపలి వ్యవస్థను మామూలుగా పూర్తిగా మూసేయకుండా డిస్కులో దాచి పెట్టుకుంటుంది. రీస్టార్ట్ అంటేనే అన్నీ మొదటినుంచి మొదలవుతాయి.

మీ రెండో ఫొటో సంగతి చెప్పలేదు. అది ఈవెంట్ వ్యూయర్‌లోది, అంటే యంత్రంలో జరిగినవాటిని విండోస్ రాసి పెట్టుకునే చిట్టాలోది, 2004 నంబరు నమోదు. నాకు అన్నిటికన్నా ఇష్టమైన సాక్ష్యం అదే, ఎందుకంటే జాగా అయిపోయిన క్షణంలో ఎక్కువ మెమరీ పట్టుకున్న మూడు ప్రోగ్రాముల పేర్లు విండోస్ అందులో రాసి పెడుతుంది. మొదటి పేరు వర్డ్, దాని ఎదుట పది అంకెల సంఖ్య. బైట్లలో ఉన్న ఆ సంఖ్యను కుదిస్తే సుమారు 1.4 జీబీ. తరవాతి రెండూ బ్రౌజరువే: పంచాంగమూ, పేపరూ, భాగవత ప్రవచనమూ ఒకేసారి తెరిచి పెట్టుకుంటారు కదా.

వర్డ్ అంత ఎందుకు తింటోందంటే, తాతయ్య దస్తరంలోని పేజీలను ఫోనుతో ఫొటోలు తీసి, 180 ఫొటోలనూ ఒకే ఫైలులో పెట్టి, ఒక్కొక్క బొమ్మ కింద దాని పాఠం టైపు చేస్తున్నారు మీరు. ఫొటో ఫైలుగా ఉన్నప్పుడు మూడు నాలుగు ఎంబీలే కనబడుతుంది, కానీ తెర మీద చూపించాలంటే దాన్ని విప్పాలి. 4,000 చుక్కల వెడల్పు, 3,000 చుక్కల ఎత్తు, చుక్కకు నాలుగు బైట్లు: ఒక్క ఫొటో విప్పితే 48 ఎంబీ. అలాంటివి ఇరవై విప్పితే దాదాపు ఒక జీబీ. మడత పెట్టిన పట్టుచీర అరచేతిలో ఇముడుతుంది, విప్పితే మంచమంతా పరుచుకుంటుంది. కనుక ఏదైనా ఒక ఫొటో మీద నొక్కి, పైన "పిక్చర్ ఫార్మాట్"లో "కంప్రెస్ పిక్చర్స్" ఎంచుకుని, ఈ ఒక్క బొమ్మకే అన్న టిక్కు తీసేసి, 150 పీపీఐ (అంగుళానికి 150 చుక్కలు) ఎంచుకోండి. అసలు ఫొటోలు వేరే ఫోల్డరులో భద్రంగా ఉన్నాయో లేదో ముందే చూసుకోండి, ఇది చేశాక ఫైలులోని బొమ్మలు మళ్లీ పెద్దవి కావు. దస్తరాన్ని సంవత్సరానికొక ఫైలుగా విడగొడితే ఇంకా మేలు. తాతయ్య కూడా ఏ ఏటి చిట్టా ఆ ఏడే కట్టి పెట్టారు కదా.

పోయిన నాలుగు పేజీల గురించి. వర్డ్ హఠాత్తుగా మూతపడి మళ్లీ తెరిచినప్పుడు ఎడమ పక్కన "డాక్యుమెంట్ రికవరీ" అని ఒక పట్టీ వస్తుంది. ప్రకటన అనుకుని దాన్ని మూసేశానని మీరన్నారు. ఒకసారి ఆ ఫైలు తెరిచి "ఫైల్"లో "ఇన్ఫో" చూడండి, "మేనేజ్ డాక్యుమెంట్" పక్కన ఆ రోజు తేదీతో ఏదైనా ప్రతి మిగిలి ఉంటే అది తెరుచుకుంటుంది. పెద్ద ఆశ పెట్టుకోకండి. ఇకముందు పోకుండా, "ఆప్షన్స్"లో "సేవ్" పేజీలో పది నిమిషాలకోసారి అని ఉన్నదాన్ని రెండు నిమిషాలకు మార్చుకోండి.

అటక తిరిగి వచ్చాక ఆ హెచ్చరిక ఆగిపోతుంది గానీ, కంప్యూటరు కొంచెం నెమ్మదించినట్టు అనిపించవచ్చు. గట్టు చిన్నదైతే అమ్మ రోజంతా స్టూలు ఎక్కి దిగుతూనే ఉండాలి, వంట ముందుకు సాగదు. ఎస్‌ఎస్‌డీ మీద ఈ ఎక్కడం దిగడం పాత హార్డ్ డిస్కు మీదకన్నా ఎంతో నయం, అయినా ర్యామ్ వేగానికి అది ఏ మూలకూ రాదు. కనుక రెండో పనిగా మరో 4 జీబీ ర్యామ్ వేయిద్దాం. మీ మొదటి ఫొటోలోనే "స్లాట్స్ యూజ్డ్: 1 ఆఫ్ 2" అని ఉంది, అంటే ఒక గాడి ఖాళీ. వేగం 1600 అని ఉంది కనుక మీది డీడీఆర్3 రకం. షాపులో డీడీఆర్4 ఇస్తే తీసుకోవద్దు, దాని గాటు వేరే చోట ఉంటుంది, బలవంతంగా నొక్కినా మీ గాడిలో దిగదు. విండోస్ 10కు వచ్చే ఏడాది, అంటే 2025 అక్టోబరు 14తో మైక్రోసాఫ్ట్ ఉచిత భద్రతా సవరణలు ఆపేస్తుందన్నది నిజమే, కానీ ఆ విషయం నేను వేసవిలో వచ్చినప్పుడు కూర్చుని ఆలోచిద్దాం. షాపతను రెండింటినీ కలిపి మిమ్మల్ని భయపెట్టకూడదు.

ర్యామ్ పెంచుతాం, శుభ్రం చేస్తాం అని ఇంటర్‌నెట్‌లో కనబడే ఏ ప్రోగ్రామూ దించుకోకండి. విండోస్ చూపించే నిజమైన హెచ్చరికలో ఫోను నంబరు ఎన్నడూ ఉండదు. మెమరీ అయిపోయింది, ఈ నంబరుకు ఫోను చేయండి అని తెర అరిస్తే, అది మోసమని తెలుసుకుని బ్రౌజరు మూసేయండి.

ఇంకొక సంగతి, మీకు నచ్చుతుందని రాస్తున్నాను. నేను ఆఫీసుకు వెళ్లే బస్సు ఆక్స్‌ఫర్డ్ రోడ్డు మీద మాంచెస్టర్ విశ్వవిద్యాలయం ముందునుంచి వెళుతుంది. అక్కడ కంప్యూటరు శాఖ భవనానికి టామ్ కిల్బర్న్ పేరు పెట్టారు. ఈ అటక ఉపాయం ఆయన బృందానిదే. వాళ్లు నిర్మించిన అట్లాస్ అనే కంప్యూటరు 1962 డిసెంబరు 7న ఈ ఊళ్లోనే ప్రారంభమయింది. దాని అసలు మెమరీ పదహారు వేల చిల్లర పదాలు (పదం అంటే ఇక్కడ యంత్రం ఒక్కసారిగా పట్టుకునే ముక్క), అంటే ఇప్పటి లెక్కలో 100 కేబీకి కాస్త లోపు. పక్కన తిరిగే డ్రమ్ములో (అప్పటి డిస్కు లాంటిది) దానికి ఆరు రెట్ల జాగా ఉండేది. ఏది ఎక్కడుందో ప్రోగ్రాము రాసేవాళ్లు పట్టించుకోనక్కర లేకుండా, 512 పదాల చొప్పున కట్టలు కట్టి, ఆ కట్టలను యంత్రమే అటూ ఇటూ మార్చుకునేలా చేశారు. ఆ కట్టకు వాళ్లు పేజీ అని పేరు పెట్టారు, మీ పేజింగ్ ఫైల్‌లోని పేజీ అదే. తాతయ్య దస్తరంలోని ఒక్క ఫొటోను విప్పి పరచడానికి ఆ మహాయంత్రం మెమరీ బొత్తిగా చాలేది కాదు.

రీస్టార్ట్ అయ్యాక టాస్క్ మేనేజర్‌లో అదే చోట "కమిటెడ్" అంకె మళ్లీ ఫొటో తీసి పంపండి. గీత కుడి వైపు అంకె 3.8 నుంచి పైకి పోయి ఉంటే పని అయినట్టే. పోకపోతే ఏమీ మార్చకుండా అలాగే ఉంచి ఫోను చేయండి, మీకు రాత్రి ఎనిమిదయ్యేసరికి ఇక్కడ మధ్యాహ్నం రెండున్నర, నేను ఖాళీగానే ఉంటాను.

అమ్మకు నమస్కారములు. చెల్లికి, పిల్లలకు ఆశీస్సులు.

ఇట్లు,
మీ పెద్దమ్మాయి